గోధుమరంగు రాని స్లైడు

థర్మోకోల్ పెట్టె మూత తీయగానే రొయ్యల వాసన.

తడి వాసన... ఉప్పు వాసన. అన్నయ్య చొక్కాకి ఎప్పుడూ ఉండేదే.

మే నెల. రాజమండ్రిలో మా ల్యాబు కిటికీ అవతల ఎండ మండిపోతోంది. పెట్టెలో మాత్రం చలి. తవ్వుతూ పోతే ఐసు పొడి, మళ్ళీ ఐసు పొడి. దాని అడుగున నా చిటికెన వేలంత సీసా.

"సికింద్రాబాద్‌లో మందు కంపెనీ వాళ్ళు రెండు చల్లటి జెల్ పొట్లాలు పెట్టిచ్చారే రూతమ్మా. అవేం ఆగుతాయి? స్టేషను దగ్గరే ఐసు కొట్టించి ఉప్పు కలిపాను. బెజవాడలో దిగి మళ్ళీ నింపాను," అన్నాడు అన్నయ్య.

రైల్లో పెట్టె ఒళ్ళోనే పెట్టుకున్నాడట. బెర్తు ఉన్నా నడుం వాల్చలేదట.

మా అన్నయ్య విజయ్ పాల్ భీమవరం దగ్గర రొయ్యల షెడ్డులో ప్యాకింగు చేయిస్తాడు. దూరం వెళ్ళే సరుకైతే ఐసులో ఉప్పు కలుపుతాడు. కలిపితే చలి ఇంకా పెరుగుతుంది. తన చేతి మీదుగా వెళ్ళిన పెట్టె ఒక్కటి కూడా పాడై వెనక్కి రాలేదని అందరికీ చెబుతాడు. అది నిజమే.

సీసా మీద ఇంగ్లీషులో చిన్న అక్షరాలు — గడ్డకట్టనివ్వకూడదని.

ఊపాను. లోపల ఏమీ కదలలేదు.

ఇంకోసారి ఊపాను.

నాకు ఏమీ అనిపించలేదు. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. అరచేతిలో పట్టుకుని కరిగే దాకా కూర్చున్నాను.

కణం లోపల సన్నని దారాలు ఉంటాయి. దాని ఎముకలు అవే. ఆ దారాలను వరి పనల్లా కట్టలు కట్టే ప్రోటీన్ ఒకటి ఉంది. అది ఎక్కువైతే కణం కాళ్ళు చాపుతుంది... ఉన్న చోట ఉండదు.

కంటికి కనపడదది. సీసాలో ఉన్నది యాంటీబాడీ. ఆ ప్రోటీన్‌ను వెతికి పట్టుకుంటుంది. పట్టుకున్న చోట గోధుమరంగు వస్తుంది.

అన్నయ్య మెడ పక్కన బిళ్ళ కట్టింది. ఒకసారి కోసి ముక్క తీశారు. అందులో పెద్ద కణాలు కొన్ని కనిపించాయి. వాటికి గోధుమరంగు వస్తే క్యాన్సరే అన్నారు డాక్టరు గారు. రాకపోతే కాకపోవచ్చు.

కాకపోవచ్చు — ఆ మాట పట్టుకుని నెల రోజులు బతికాం.

ముక్కలో మిగిలింది ఒక్క స్లైడుకే సరిపోతుంది.

ఆ ప్రోటీన్ ఉందని ముందే తెలిసిన వేరే ముక్క మా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. సీసా మీద అనుమానం ఉంటే, ముందు దాని మీద వేసి చూడాలి. కొత్తగా చేరిన వాళ్ళకి నేను నేర్పే మొదటి సంగతి అదే.

నేను ఆగలేదు.

రెండు స్లైడులూ పక్కపక్కన పెట్టి, రెంటి మీదా ఒకేసారి వేశాను. ఆత్రం. వట్టి ఆత్రం.

మైక్రోస్కోపులో అన్నయ్య స్లైడు ముందు చూశాను. అంతా మామూలుగా వేసే నీలం రంగే. ఎక్కడా గోధుమరంగు లేదు. ఒక్క క్షణం... ఒక్క క్షణమే, దేవుడికి స్తోత్రం అనుకున్నాను.

రెండో స్లైడు పెట్టాను.

అదీ నీలమే.

ఉందని తెలిసిన చోట కూడా రంగు రాలేదు. గడ్డకట్టి యాంటీబాడీ చచ్చిపోయింది. అన్నయ్య స్లైడు ఏమీ చెప్పలేదు. అవునని చెప్పలేదు, కాదని చెప్పలేదు.

రెండు స్లైడులూ ట్రేలో పెట్టేసి బయటికి వచ్చాను.

బయట బెంచీ మీద అన్నయ్య.

"ఏమీ కనపడలేదా? మరి మంచిదే కదే!"

"లేదన్నయ్యా. మందు పనిచేయలేదు. ముక్క అయిపోయింది... మెడ మళ్ళీ కోయాలి. తప్పు నాదే. పరీక్షించకుండా వాడేశాను."

నా తప్పు నిజమే. చెప్పింది మాత్రం సగమే.

"పోనీలే, బెంగపడకు," అన్నాడు. "సీసా మళ్ళీ నేనే వెళ్ళి తెస్తాను."

"వద్దు. కొరియర్‌లో తెప్పిస్తాను."

"ఏం? నేను తెస్తే పాడవుద్దా?"

నవ్వుతూనే అడిగాడు. వెంటనే జవాబు చెప్పాల్సింది. తల దించుకున్నాను.

నవ్వు మెల్లగా తగ్గింది. తన చేతులు తిప్పి చూసుకున్నాడు. ఐసు తోడి తోడి పగిలిన వేళ్ళు.

"ఉప్పు వెయ్యకూడదా అమ్మా?"

కాదన్నాను. అదేం కాదన్నాను. తల ఎత్తకుండా మూడుసార్లు కాదన్నాను.

అన్నయ్య కాలరు కిందికి లాగి, పాత కుట్టు పక్కన వేలు పెట్టి చూపించాడు.

"ఈసారి ఇక్కడ కోస్తారా?"