ఆవిరాయనకి జవాబు

మా ఆయనకి ఆ వెబ్‌సైటు మీదున్న ప్రేమలో పావు వంతు నా మీద ఉంటే నేనెప్పుడో మహారాణినై ఉండేదాన్ని. దాని పేరు 'అరుగు'. ఒకప్పుడు తెలిసినవాళ్లంతా దాని మీదే ఉండేవారు. ఇప్పుడు కాకి కూడా వాలదు. ఫొటోలు తెరుచుకోవు, రాసింది దిద్దుకునే బటన్ పనిచేయదు, ఎటు చూసినా బట్టతల మందు ప్రకటనలే.

మాది దర్జీ కొట్టు. ఆయన కత్తిరించి కుడతారు, నేను కాజాలూ గుండీలూ చూసుకుంటాను. అరుగులో దర్జీల గుంపు ఒకటుండేది. అందరూ పోగా ఇద్దరు మిగిలారు. ఒకరు మా ఆయన, రెండోవారు ఎక్కడో ఉండే ఇంకో దర్జీ. గుడ్డని కత్తిరించే ముందు నీళ్లలో తడిపి ఆరబెట్టాలని మా ఆయన వాదన. అక్కర్లేదు, ఆవిరి ఇస్త్రీ చాలని అవతలి మనిషి వాదన. అందుకే మా ఇంట్లో ఆయన పేరు ఆవిరాయన. ఈ గొడవ మొదలైనప్పుడు మా అమ్మాయి బళ్లో చేరింది. ఇప్పుడు దానికి ఉద్యోగం కూడా వచ్చింది.

"నాన్నా, ఆ పాడుకొంప వదిలెయ్" అని అమ్మాయి కొత్త యాప్‌లో చేర్పించింది. అక్కడ గుడ్డ తడపాలని ఈయన రాయగానే చప్పట్లు, 'సూపర్ అంకుల్'లు వచ్చిపడ్డాయి. వారం తిరక్కుండా అరుగుకే వచ్చేశారు.

"అందరూ ఒప్పుకుంటున్నారే. ఒక్కడికీ పని తెలిసినట్టు లేదు" అన్నారు.

ఈలోగా బ్యాంకు మేనేజరుగారు కోటు కోసం తిరిగి తిరిగి చెప్పులరగదీసుకుంటున్నారు. మా ఆయన మెళ్లో టేపు వేసుకుని, ఒంటి వేలితో ఆవిరాయనకి జవాబు కొడుతున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆయన స్నానానికి వెళ్లగానే ఫోను తీసి, "మీరన్నదే నిజం. ఆవిరి చాలు. ఇక సెలవు" అని రాసి పారేశాను. పీడ విరగడైందనుకున్నాను.

ఆయన చూశారు. అరవలేదు.

"నా పేరుతో ఒప్పేసుకున్నావా?" అన్నారు. "ఇప్పుడాయన వెళ్లిపోతాడు."

"కాదని మళ్లీ రాయండి. చేతులేం పడిపోలేదుగా."

"ఒకసారి ఒప్పుకుని మాట మార్చేవాడితో ఎవరు పోట్లాడతారే?"

రోజులు గడిచినా అటునుంచి జవాబు రాలేదు. ఫోను పక్కనపెడితే కోటు ముందుకు సాగుతుందని కదా నా ఎత్తు. అదీ సాగలేదు. అన్నం కెలికి లేచిపోయేవారు. ఒకావిడ గుడ్డ తెచ్చి, "తడిపి కుడతారా?" అని అడిగితే "మీ ఇష్టమమ్మా" అన్నారు. కాపురానికొచ్చాక ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. నాకు నిజంగా భయమేసింది. ఈయనకున్న ఒక్క స్నేహితుణ్ణీ నేను తరిమేశానని అప్పుడు తెలిసింది.

చివరికి ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఆయన చదివి నా చేతికిచ్చారు.

"అమ్మా, అది రాసింది మీరే అయ్యుంటారు. ప్రాణం పోయినా ఒప్పుకునే మనిషి కాదాయన. అందుకే అడగడానికి ఇన్నాళ్లూ భయపడ్డాను. ఆయనకి ఒంట్లో బాగుందా? నాకు కత్తెర పట్టుకోబుద్ధి కావడం లేదు."

ముక్కూ మొహం తెలియని మనిషి. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మా ఆయన కళ్లజోడు తుడుచుకుని, ఒంటి వేలితో కొట్టారు: "నిక్షేపంలా ఉన్నాను. గుడ్డ తడపాల్సిందే."

జవాబు వెంటనే వచ్చింది: "హమ్మయ్య. మీరు చెప్పేది తప్పు."

ఆయన పకపకా నవ్వి, అన్నం పెట్టమన్నారు. తిని వచ్చి మళ్లీ ఫోను అందుకున్నారు. అంతలో మేనేజరుగారు దిగబడ్డారు.

"మా ఆయన పనిలో ఉన్నారండీ, రేపు రండి" అన్నాను.

"ఫోను చూసుకుంటున్నారుగా?"

"అదేనండీ పని" అని, నేను గుండీ కుట్టుకోవడంలో పడ్డాను.