తల లేని ఎలుగుబంటి

లేబుళ్ల మీది ఎలుగుబంటి పిల్లకు తల లేదు.

లారీకి ఎక్కించబోయే ముందు ప్రెస్సు యజమాని ఆ మందు సీసాల లేబుళ్ల కట్ట ఒకటి విప్పి చూశాడు. ఎర్ర లాగు ఉంది, చేతిలో బుడగ ఉంది, మెడ పైన మాత్రం ఉత్త తెల్ల కాగితం. గబగబా మిగతావీ విప్పాడు. అన్నిటికంటే ముందు అచ్చయిన కట్ట తప్ప అన్నీ అంతే.

"తాగితే తలకాయ పనిచెయ్యదని ముందే చెప్తున్నారా ఏంటి?" లారీ డ్రైవరు కిసుక్కున నవ్వాడు.

ప్లేటు బాబాయ్ తలెత్తలేదు. అచ్చు ప్లేట్లు చేసి మిషనుకు ఎక్కిస్తూనే జుట్టు నెరిసిన మనిషి. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకే గుర్తులేదు. గుడ్డను కిరోసిన్‌లో ముంచి, రోలరు మీది సిరాను ఎప్పట్లాగే నిమ్మళంగా తుడుస్తున్నాడు. గోళ్ల చుట్టూ ఏ సబ్బుకూ లొంగని నల్లటి అంచులు.

పాడైన లేబుళ్లు ఇంటికి పట్టుకెళ్లడం ప్రెస్సులో అందరికీ అలవాటే. ఆయన కూతురి పుస్తకాలన్నిటి మీదా సబ్బుల లేబుళ్లే ఉండేవి. ఇప్పుడు మనవరాలి వంతు. మొన్న ఆ పిల్ల ఎలుగుబంటిని నీళ్ల సీసాకు అతికించుకుని, "తాతా, ఈ బుజ్జిగాడి జ్యూస్ కొనిపెట్టవా?" అని గారాలు పోయింది. ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు.

మర్నాడే యజమానిని అడిగాడు.

"పిల్లల్ని లాగే బొమ్మలు మందు సీసాల మీద ఉండకూడదని రూలు కదండీ? ఆ కంపెనీవాళ్లు ద్రాక్షగుత్తి చూపించి అనుమతి తెచ్చుకుని, మన చేత ఇది వేయిస్తారేంటండీ?"

"కింద 'పిల్లలకు అమ్మరాదు' అని ఉందిగా."

"చదవడం రాని పిల్ల చూసేది బొమ్మనేనండీ."

"మనది అచ్చేసే పని బాబాయ్. నీతులు చెప్పే పని కాదు."

ఇప్పుడు ఆ యజమాని కోపమంతా అచ్చయిన షీట్లు సరిచూసే ఆవిడ మీదికి మళ్లింది.

"కళ్లు ఎక్కడ పెట్టుకుని చూశావ్? రేపట్నుంచి రానక్కర్లేదు!"

"మొదటి షీట్లు చూసే వదిలానండీ, ఒట్టు! అప్పుడు తల ఉంది. టీకి వెళ్లొచ్చేసరికి..." ఆవిడ బాబాయ్ వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పు బాబాయ్!"

బాబాయ్ గుడ్డ పక్కన పడేశాడు. సిరా మరకల ఏప్రాన్ విప్పి మేకుకు తగిలించాడు. తిన్నగా యజమాని బల్ల దగ్గరికి నడిచి, జేబులోంచి అరిగిపోయిన గీకుడు బ్లేడు తీసి లేబుళ్ల మీద పెట్టాడు.

"ఆవిడనేం అనకండి. ప్లేటు మీద తల గీకేసింది నేనే. పొరపాటున కాదు, కావాలనే. బొమ్మ మొత్తం గీకేసేవాణ్ణే, మీరంతా టీ తొందరగా తాగేసి వచ్చేశారు. పనిలోంచి తీసేస్తారని తెలుసు, అందుకే నేనే వెళ్తున్నా. ఈ బ్లేడు మాత్రం ఇక్కడే ఉంచుతున్నానండీ. ఆ బొమ్మ మళ్లీ మిషనెక్కితే, మీలో ఎవరికో ఒకరికి పనికొస్తుంది."