తల్లి ఎలుగుబంటి గొంతు

“ఒక్కసారి ఆ నవ్వు నవ్వండమ్మా” అని ఎవరైనా అడిగితే రాణమ్మకు నవ్వు తప్ప అన్నీ వచ్చేవి.

కూరగాయల దుకాణంలో అడిగేవారు. బస్సులో అడిగేవారు. భర్త పోయినప్పుడు పలకరించడానికి వచ్చిన ఒక పెద్దమనిషి కూడా కాసేపు తల వంచుకుని కూర్చుని, లేచేముందు, “ఈ సమయంలో అడగకూడదు గానీ, మా మనవరాలికి మీ సాలీడు రాణి నవ్వంటే ప్రాణం” అంటూ జేబులోంచి ఫోను తీశాడు. ఆ రోజు ఆమె నవ్వింది. నవ్వకపోతే ఆయన కదిలేటట్టు లేడు.

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె పని అదే. కార్టూన్ సినిమాల్లో చెడ్డవాళ్ళకు గొంతు ఇవ్వడం. అంతకుముందు మామూలు సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేసింది. తలుపు ఓరగా తీసి “ఎవరు కావాలి?” అనే పక్కింటావిడ, “డాక్టరుగారు లోపల ఉన్నారు” అనే నర్సు. ఆ ముఖం ఎవరికీ గుర్తు లేదు. తరవాత సాలీడు రాణికి గొంతు ఇచ్చింది. సినిమా చివర్లో సాలీడు రాణి చచ్చింది గానీ, ఆ పేరు మాత్రం ఈమె మెడకు చుట్టుకుని ఉండిపోయింది. గేటు దగ్గర కాపలావాడి నుంచి నిర్మాత దాకా అందరికీ ఆమె రాణమ్మే. ఆ వెనక విషపు పుట్టగొడుగు, ఒకే సినిమాలో ముగ్గురు మంత్రగత్తెలు, ఇల్లంతా మింగాలని చూసే ఒక దుమ్ము పీల్చే మిషను. ఇప్పుడు ముసలి మొసలి.

మొసలి సినిమా తీస్తున్న దర్శకుడు కుర్రవాడు. ఆరేళ్ళ వయసులో సాలీడు రాణిని చూసి పక్క తడిపినవాడు. ఆ సంగతి తనే అందరికీ చెబుతాడు, అదేదో ఆమెతో చుట్టరికం అయినట్టు. కిందటి ఏడాది ఒకరోజు వచ్చి, “అమ్మా, గైడ్ మీరే చదివి పెట్టాలి” అన్నాడు.

బొమ్మలు గీసేవాళ్ళు గాలిలోంచి గీయలేరు. ముందు ఎవరో ఒకరు అన్ని పాత్రల మాటలూ చదివి పెడితే, ఆ గొంతు వింటూ నోళ్ళు, కళ్ళు, మూతి విరుపులు గీస్తారు. దాన్నే గైడ్ అంటారు. బొమ్మలు పూర్తయ్యాక అసలు నటులు వచ్చి మాట్లాడతారు, గైడ్ గొంతును చెరిపేస్తారు. ఊరికే చేసే సాయం అది. రాణమ్మ రెండు రోజులు కూర్చుని ముసలి మొసలిని, ఎలుగుబంటి పిల్లను, కప్పలను, చివరికి తల్లి ఎలుగుబంటిని కూడా చదివింది.

తల్లి ఎలుగుబంటిని చదువుతున్నప్పుడు అద్దం అవతల సౌండు చూసే పెద్దాయన బిస్కెట్టు నమలడం ఆపాడు. చదవడం అయ్యాక దర్శకుడు, “ఈ వేషం కూడా మీదే అనుకోండమ్మా” అన్నాడు. అన్న మాట వాడు మరిచిపోయాడు. ఆమె మరిచిపోలేదు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆమెను ఎవరూ ఒక మంచి మాట మామూలుగా పలకమని అడగలేదు. ఒక్క సినిమాలో, ఒక్క తల్లి వేషం పక్కన తన పేరు ఉండాలని ఆమెకు అప్పటి నుంచీ పట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకుంటే చిన్నపిల్ల ముచ్చటలా ఉంటుంది.

ఏడాది గడిచాక తల్లి ఎలుగుబంటికి గొంతు ఇవ్వడానికి ఒక పేరున్న హీరోయిన్ను పెట్టారు. రాణమ్మ గోడ మీద పోస్టరు చూసి తెలుసుకుంది.

ఆ సోమవారం మొసలి మాటలు చెప్పడానికి స్టూడియోకు వెళ్తే, దర్శకుడు మెట్ల మీదే ఎదురొచ్చాడు. నాలుగు రోజులుగా నిద్ర లేనివాడిలా ఉన్నాడు.

“అమ్మా, మొసలి సంగతి తరవాత. ముందు ఎలుగుబంటి కొంప మునిగింది.”

“మొసలి ముంచిందా?”

“జోకులు వద్దమ్మా. లోపలికి రండి.”

అద్దాల గదిలో హీరోయిన్ మైకు ముందు నిలబడి ఉంది. తెర మీద తల్లి ఎలుగుబంటి నది ఒడ్డున కూర్చుని పిల్లతో మాట్లాడుతోంది. హీరోయిన్ చెప్పింది: “నదికి అవతల ఏముందో నాకూ తెలీదు కన్నా, నువ్వు చూసి వచ్చి చెప్పు.” గొంతు తేనెలా ఉంది. కాని మాట అయిపోయాక కూడా ఎలుగుబంటి నోరు ఆడుతూనే ఉంది. మధ్యలో ఒకచోట మాట వినబడుతుంటే నోరు మూసుకుని ఉంది.

“కడుపుతో మాట్లాడుతోంది మన ఎలుగుబంటి” అన్నాడు సౌండు పెద్దాయన, వెనక్కి తిరక్కుండానే. “నలభై మూడోసారి.”

రాణమ్మకు వెంటనే అర్థమైంది. తను వాక్యం మధ్యలో, బరువైన మాటకు ముందు, అర ఊపిరి తీసుకుంటుంది. సినిమాలకు ముందు నాటకాలాడిన రోజుల నుంచి వచ్చిన అలవాటు. “నాకూ” అని ఆగి, ఊపిరి తీసి, “తెలీదు కన్నా” అంటుంది. బొమ్మలు గీసేవాళ్ళు ఏడాది పొడుగునా ఆ గొంతే వింటూ గీశారు. అక్కడ ఎలుగుబంటి మూతి పైకెత్తి గాలి పీలుస్తుంది. ఇక్కడే కాదు, సినిమా మొత్తం అంతే. ఎలుగుబంటికి తన ఊపిరి పెట్టేశారు.

“కాస్త ఆ అమ్మాయికి చెప్పండమ్మా, మీరు ఎక్కడెక్కడ ఆగుతారో” అన్నాడు దర్శకుడు.

“బాబూ, నేను ఎక్కడ ఆగుతానో నాకేం తెలుసు? నడిచేటప్పుడు ఏ కాలు ముందు వేస్తావో నువ్వు చెప్పగలవా?”

అప్పుడే నిర్మాత వచ్చాడు. ఎక్కడికి వచ్చినా కూర్చోని మనిషి ఆయన. నిలబడే అన్నీ తేల్చేస్తాడు. చేతిలో ఒక కాగితం ఉంది.

“రాణమ్మగారూ, దీనికి ఇంత రాద్ధాంతం ఎందుకు? మీ గైడ్ ఉంది కదా. అదే ఉంచేస్తాం. నోటికి సరిగ్గా సరిపోయింది. మొన్న యాభై మంది పిల్లలకు వేసి చూపిస్తే ఏడ్చారు కూడా. మీరు ఇక్కడ ఒక సంతకం పెడితే చాలు.”

“నా పేరు వేస్తారా?”

“మొసలి దగ్గర వేస్తాం కదా. ఎలుగుబంటి దగ్గర హీరోయిన్ గారి పేరు ఉంటుంది. పోస్టర్లు వెళ్ళిపోయాయి. ఎవరితోనూ అనకుండా ఉంటే చాలు, అదే ఈ కాగితంలో ఉంది.”

“సొమ్మొకడిది సోకొకడిది అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. మూడు పేజీలు ఎందుకు?”

“అమ్మా, మీ పేరు వేస్తే పిల్లలు భయపడతారు. తల్లి, మొసలి ఒకే మనిషి అంటే ఎవరు నమ్ముతారు?”

“ఏడ్చిన ఆ యాభై మందిలో ఎవరు భయపడ్డారు?”

“వాళ్ళకు తెలీదు కదా” అన్నాడు నిర్మాత, ఆ మాటతో తను గెలిచినట్టు.

రేపు చెబుతానని రాణమ్మ ఆ కాగితం సంచిలో పడేసుకుని, కూతురి దగ్గరికి వెళ్ళింది. కూతురు పళ్ళ డాక్టరు. ఇద్దరు రోగుల మధ్య దొరికిన పది నిమిషాల్లో, చేతి తొడుగులు విప్పకుండానే కాగితం చదివింది.

“పెట్టేయమ్మా సంతకం.”

“నా గొంతు ఇంకొకరి పేరున పోతుందే.”

“ఇన్నేళ్ళూ పోలేదా? సాలీడు పేరున పోయింది, పుట్టగొడుగు పేరున పోయింది. నువ్వు ఫోనులో హలో అంటే బీమా అమ్మేవాళ్ళు జడిసి పెట్టేస్తారు. ఏదో ఒకచోట మంచిదానిగా వినబడతావు కదా, వినబడనీ.”

“వినబడేది నేనని ఎవరికి తెలుసు?”

“నాకు తెలుస్తుంది.”

“నీకు తెలిసి ఏం లాభం? నువ్వు నా చేత్తో అన్నం తిన్నదానివి.”

కూతురు మాస్కు కిందికి లాగి తల్లి ముఖంలోకి చూసింది. “అయితే ఏం చేస్తావు? మొసలి మాటలు చెప్పనని కూర్చుంటావా? కూర్చో. రెండు రోజులు బతిమాలుతారు, మూడో రోజు ఇంకో మొసలిని తెచ్చుకుంటారు.”

అదీ నిజమే. నిజం చెప్పే పిల్లల్ని కన్నందుకు ఆ క్షణాన రాణమ్మకు ఒళ్ళు మండింది. ఇంటికి వెళ్ళి వేణ్ణీళ్ళు పుక్కిలించింది. కాగితం తీసి మళ్ళీ చదివింది. సంతకం పెడితే తన గొంతు సినిమాలో ఉంటుంది. పెట్టకపోతే ఉండదు. ఎటు తిప్పినా పేరు మాత్రం లేదు. ఇస్తే ఇవ్వచ్చు. ఊరికే ఇవ్వడం ఆమెకు కొత్త కాదు. కాని ఇచ్చి, ఇవ్వలేదని చెప్పాలట. అది మాత్రం ఆమెకు మింగుడు పడలేదు.

మర్నాడు నిర్మాత చేతికి కాగితం సంతకం లేకుండానే తిరిగి ఇచ్చింది.

“గొంతు నాదైతే పేరు నాది. పేరు ఆ అమ్మాయిదైతే గొంతు ఆ అమ్మాయిదే. మూడో దారి లేదు.”

“పేరు కుదరదని చెప్పాను కదండీ.”

“అయితే నేర్పుతాను. రెండు రోజులు నాకు వదిలేయండి. మీరు మాత్రం ఆ తలుపు దగ్గర నిలబడకండి, నాకు చిరాకు.”

హీరోయిన్ మూలన కుర్చీలో కూర్చుని అంతా వింటోంది. నిర్మాత వెళ్ళాక మెల్లిగా అంది: “ఆంటీ, ఆ కాగితం సంగతి నాకు నిన్నటి దాకా తెలీదు.”

“ఆంటీ అనకు. ముందు లేచి నిలబడు. ఆ మాట చెప్పు.”

హీరోయిన్ చెప్పింది. రాణమ్మ ఈసారి తెర వైపు చూడలేదు, ఆ అమ్మాయి నడుము వైపు చూసింది. ఒకటికి రెండుసార్లు చెప్పించి చూసింది.

“కడుపు ఎందుకు లోపలికి లాక్కున్నావు?”

“లాక్కోలేదే.”

“లాక్కున్నావు. ఇక్కడ కెమెరా లేదమ్మాయ్. ఫోటోకి నిలబడినట్టు నిలబడితే ఊపిరి గొంతు దాటి కిందికి దిగదు. ఉన్న కాస్త గాలితో ఒక్క గుక్కలో పరిగెత్తుతున్నావు. వదులు.”

“వదిలితే లావుగా కనిపిస్తాను” అంది హీరోయిన్, అని తనే నాలుక కరుచుకుంది.

“నువ్వు ఎలుగుబంటివి తల్లీ. ఎలుగుబంటికి నడుమేంటి?”

అద్దం అవతల సౌండు పెద్దాయన దగ్గుతున్నట్టు నటించాడు.

పదేళ్ళుగా బిగించిన కడుపు ఒక పూటలో వదలదు. మొదటి రోజంతా రాణమ్మ తల ప్రాణం తోకకు వచ్చింది. ఊపిరి తియ్యమంటే ఆ పిల్ల భుజాలు ఎగరేసేది. ఆగమంటే మాట మధ్యలో తెగ్గొట్టేది. “బస్సు బ్రేకు వేసినట్టు ఆగుతావేం? చంకలోని పిల్లను దించేటప్పుడు ఆగినట్టు ఆగు” అంటే, “నేనెప్పుడూ పిల్లను ఎత్తుకోలేదండీ” అనేది. నీళ్ళ డబ్బా ఒకటి తెప్పించి ఆమె చంకకు ఎత్తించింది. అలాగే పదహారు మాటలు చెప్పించింది. నీళ్ళు ఒలికి తివాచీ తడిసింది. దర్శకుడు తల పట్టుకున్నాడు.

“అమ్మా, ఇది ఎప్పటికయ్యేను?”

“తివాచీయా? నీ పక్క తడిసిన దానికంటే త్వరగానే ఆరుతుంది. నువ్వు బయటికి వెళ్ళి టీ తాగు.”

రెండో రోజు మధ్యాహ్నానికి నది ఒడ్డు మాట కుదిరింది. “ఏముందో నాకూ” అని హీరోయిన్ ఆగింది. ఎలుగుబంటి మూతి ఎత్తింది. ఊపిరి కిందికి దిగింది. “తెలీదు కన్నా” అంది. రాణమ్మ చెప్పినట్టు చెప్పలేదు. రాణమ్మ తల్లి తెలియనందుకు కాస్త సిగ్గుపడేది. ఈ తల్లి భయపడింది, భయపడి నవ్వింది. అది తనకు తట్టలేదే అని రాణమ్మకు చురుక్కుమంది. బాగుందని చెప్పాలి.

“తరవాతది” అంది.

అన్నీ అయ్యాక చివరి సీను మిగిలింది. గుహలో తల్లి ఎలుగుబంటి పడుకుని ఉంటుంది, దాని పొట్ట మీద పిల్ల నిద్రపోతుంది. మాటలు లేవు. నలభై సెకన్ల పాటు తల్లి ఊపిరి మాత్రమే వినబడాలి. పిల్ల ఆ పొట్టతో పాటు పైకి లేచి కిందికి దిగుతుంటుంది.

దర్శకుడు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “అమ్మా, ఇది మాత్రం మీదే ఉంచేస్తాను. మాటలు కావు కదా. ఊపిరికి పేరెవరు అడుగుతారు?”

వాడు మంచి మనసుతోనే అన్నాడు. ఇచ్చిన మాట ఇన్నాళ్ళకు వాడికి గుర్తొచ్చినట్టుంది. రాణమ్మ తెర వైపు చూసింది. గైడ్ ఇంకా నడుస్తోంది. తన ఊపిరికి ఆ పిల్ల లేస్తోంది, దిగుతోంది. ఉంచేస్తే ఎవరి సొమ్మూ ఎవరూ దోచుకున్నట్టు కాదు. సంతకం కూడా అక్కర్లేదు. ఎవరికీ తెలియకుండా నలభై సెకన్ల పాటు ఆమె ఆ సినిమాలో తల్లిగా ఉంటుంది.

ఎవరికీ తెలియకుండా.

“నేను అడుగుతాను” అంది. “అమ్మాయ్, ఇలా రా. నిలబడితే నీ పొట్ట మాట వినదు. పడుకో.”

“ఎక్కడ?”

“నేల మీద. ఎలుగుబంటికి పరుపెవరు వేస్తారు?”

హీరోయిన్ ఖరీదైన బట్టలతో ఆ తడి తివాచీ మీద వెల్లకిలా పడుకుంది. సౌండు పెద్దాయన వచ్చి మైకు కిందికి దించి వెళ్ళాడు. ఆ పిల్ల పొట్ట బిగుసుకునే ఉంది. రాణమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి, మూలుగుతూ, ఆమె పక్కనే పడుకుంది.

“ఊపిరి పీల్చడం కూడా నేర్పాలా నీకు?”

“నేర్పండి” అంది హీరోయిన్, కళ్ళు మూసుకుని.

రాణమ్మ ఆమె చెయ్యి తీసి తన పొట్ట మీద పెట్టుకుంది. ఆ పొట్ట పైకి లేచింది, దిగింది. కాసేపటికి పక్కనున్న పొట్ట కూడా కదలడం మొదలుపెట్టింది, ముందు కొంచెం తడబడుతూ, తరవాత వరసగా. రాణమ్మ తన ఊపిరిని మైకుకు వినపడకుండా ముక్కులోనే అణుచుకుంది. నలభై సెకన్లు గడిచాయి. ఎవరూ ఆపమనలేదు.

“దొరికింది” అన్నాడు పెద్దాయన స్పీకరులో. “రాణమ్మా, పాతది చెరిపేయనా?” అని అడిగాడు.

“అడుగుతావేం? చెరిపెయ్.”

పెద్దాయన చెరిపేశాడు. రాణమ్మ లేవబోయింది. సగం లేచి మళ్ళీ కూలబడింది. అద్దం అవతల దర్శకుడు ఇటు చూడలేక కాగితాలు సర్దుకుంటున్నాడు.

“చూస్తావేం అమ్మాయ్, లేపు నన్ను” అంది. “సాయంత్రంలోగా నేను మొసలినై ఏట్లో చావాలి. ఇంకా నాలుగు అరుపులు మిగిలి ఉన్నాయి.”