కారుకి ఆదరణ కూడిక

మనిషి పోయిన ఇంట్లో ఆదరణ కూడిక పెట్టడం మా సంఘంలో మామూలే. సమాధి కార్యక్రమం అయిన రెండు మూడు రోజులకి అందరూ ఆ ఇంట్లో చేరి, నాలుగు పాటలు పాడి, పోయినవాళ్ళ మంచి చెప్పుకుని, ఇంటివాళ్ళని ఓదార్చి, టీ తాగి వెళ్తారు. మంచి పద్ధతే, కాదనను. మా అత్తగారు పోయినప్పుడు ఆ కూడికే నన్ను నిలబెట్టింది. కానీ కారు పోయినందుకు ఆదరణ కూడిక పెట్టిన ఇల్లు సికింద్రాబాదు మొత్తం మీద మాది ఒక్కటే అయి ఉంటుంది. పెట్టింది నేను కాదు బాబూ. మా సంఘంలో అందరికీ అక్కయిన ఆలిస్ అక్క.

పోలీస్ యాక్షన్ అయి అప్పటికి నెల తిరిగిందేమో. మేం మారేడ్‌పల్లిలో ఉండేవాళ్ళం. నేను ఆడపిల్లల బడిలో టీచర్ని. మా ఆయన ఏసురత్నం రైల్వే ఆఫీసులో చేసేవాడు. ఇంగ్లీషు దొరలు పెట్టే బేడా సర్దుకుని పోతున్న ఏడు, ఈయన పై అధికారి తన పాత ఆస్టిన్ కారుని ఊరికే ఇచ్చినట్టే ఇచ్చేసి ఓడ ఎక్కాడు. కారుతో పాటు దాని డ్రైవరు ఫకీర్ కూడా మాకే వచ్చాడు. రావడం మంచిదయింది. మా ఆయన డ్రైవింగు నేర్చుకోబోయి ఒకసారి మా గేటునీ, ఇంకోసారి పక్కింటివాళ్ళ గేటునీ పడగొట్టాడు. ఆ తరువాత నడపడం ఫకీర్ వంతు, తుడవడం మా ఆయన వంతు అయింది. ఆ తుడవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇంట్లో ఒక్క గ్లాసు కడిగి ఎరగని మనిషి, దాని అద్దాలకి ఆవిరి ఊది మరీ తుడిచేవాడు.

యాక్షన్‌కి ముందు కొన్ని నెలలు పెట్రోలు దొరక్క కారు షెడ్డులోనే పడి ఉంది. మళ్ళీ పెట్రోలు రావడం మొదలైంది, కారు రోడ్డెక్కింది, ఇంతలోనే పోయింది. శుక్రవారం నాడు ఫకీర్ మసీదు బయట కారు ఆపి నమాజుకి లోపలికి వెళ్ళాడు. వచ్చి చూస్తే కారు లేదు. ఎవరో అల్వాల్ వైపు పోయిందని చెబితే, మాకు ఒక కబురైనా చెయ్యకుండా అటే పరుగెత్తాడు. ఇదంతా మాకు తరువాత తెలిసింది. ఆ రోజు మాకు తెలిసిందల్లా కారూ రాలేదు, డ్రైవరూ రాలేదు అని.

సాయంత్రం మా ఆయన వెళ్ళి ఠాణాలో ఫిర్యాదు ఇచ్చాడు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన సబిన్‌స్పెక్టరు అక్కడ ఉన్నాడు. "తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందండీ?" అని అడిగాడట. "డ్రైవరు దగ్గర" అన్నాడు మా ఆయన. ఉన్నమాటే కదా! ఆ ఒక్క మాటా చాలింది. మర్నాడు అల్వాల్ రోడ్డు మీద కనబడిన వాళ్ళనల్లా "మోటార్ చూసిన్రా?" అని అడుగుతూ తిరుగుతున్న ఫకీర్‌ని పట్టుకొచ్చి లోపల వేశారు. ఆ రోజుల్లో గడ్డం ఉన్న మనిషి ఒంటరిగా రోడ్డు మీద కనబడితే చాలు, నువ్వెవరు, ఎక్కడినుంచి వస్తున్నావు అని నిలదీసేవారు. ఇక పోయిన కారు తాలూకు డ్రైవరంటే చెప్పేదేముంది!

మా ఆయన మంచం పట్టాడు. జ్వరమా, తలనొప్పా అంటే ఏమీ లేదు. గోడవైపు తిరిగి పడుకోవడం, లేస్తే ఖాళీ షెడ్డులోకి వెళ్ళి కూర్చోవడం. కంట నీరు మాత్రం లేదు. నేను ఊరుకోలేకపోయాను.

"మీ కారు పోయింది, సరే. అక్కడ వాడి బతుకు పోతోంది. వెళ్ళి ఆ ఇన్‌స్పెక్టరుకి చెప్పండి" అన్నాను.

"ఏమని చెప్పను మణీ? వాడు తీశాడని నాకు తెలుసా? తియ్యలేదని తెలుసా? తెలియంది ప్రమాణం చేసి ఎలా చెప్పమంటావు?"

"మీ మనసుకేమనిపిస్తోంది?"

"మనసుకి అనిపించింది సాక్ష్యం అవుతుందా?" అని మళ్ళీ గోడవైపు తిరిగాడు.

ఆయన తత్వమే అంత. తెలియని విషయం తెలుసని ఆటకి కూడా అనడు. మిగతా రోజుల్లో ఆ గుణం చూసి మురిసిపోయేదాన్నేమో గానీ, ఆ వారం మాత్రం మంచం తిరగేద్దామన్నంత కోపం వచ్చింది.

ఇక లాభం లేదని నేనే ఠాణాకి వెళ్ళాను. సబిన్‌స్పెక్టరు కుర్చీ వేయించి మర్యాదగానే మాట్లాడాడు. "టీచరుగారూ, కారు మీ ఆయన పేరున ఉంది. ఆయన వచ్చి సాక్ష్యం చెప్పాలి. సోమవారం పొద్దున ఇతన్ని పెద్ద జైలుకి పంపిస్తున్నాం. అక్కడ రజాకార్ల కేసుల్లో కలిపేశారంటే, ఎప్పుడు బయటికి వస్తాడో దేవుడికే తెలియాలి. నా చేతిలో ఉండదు" అన్నాడు. బయట ఫకీర్ భార్య జాన్ బీ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. స్టేషన్ వెనకాల బస్తీలో ఉంటుంది, మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. నన్ను చూసి లేచి నిలబడింది.

ఇంటికి వస్తే పరామర్శలు! "పోయిందటగా" అంటూ ఒకరి వెనక ఒకరు. ఎప్పుడు పోయింది? ఎలా పోయింది? ఆ సమయానికి మీరెవరూ దగ్గర లేరా? నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఆలిస్ అక్క అయితే నా చెయ్యి పట్టుకుని, "పిల్లల్లేని ఇంట్లో ఆ కారే పిల్లయిందమ్మా" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లలుంటే పిల్లల్లాగే ఉంటారు, నాలుగు చక్రాల మీద ఉండరు అన్నాను. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా, "తమ్ముడు చూడు ఎలా అయిపోయాడో. ఆదివారం మధ్యాహ్నం ఇక్కడే ఆదరణ కూడిక పెట్టుకుందాం. పాస్టరుగారికి నేను చెబుతాను" అని లేచింది. ఆవిడది మంచి మనసే. ఆ మంచి మనసుతోనే మమ్మల్ని చంపేది.

ఆదివారం వరండా నిండా జనం. పాస్టరుగారు ఇంకెక్కడో పెళ్ళి చేసి అటునుంచి అటే నల్లకోటుతో వచ్చారు. మా ఆయన్ని లేపి, ఉతికిన చొక్కా తొడిగి కుర్చీలో కూర్చోబెట్టాను. పాటలు పాడారు. పోగొట్టుకున్నవాళ్ళని దేవుడు మరిచిపోడని పాస్టరుగారు చక్కగా చెప్పారు. అప్పుడు చూశాను, గడప పక్కన చెప్పుల దగ్గర జాన్ బీ కూర్చుని ఉంది. లోపలికి రమ్మని సైగ చేశాను. రాలేదు. మర్నాడే సోమవారం.

"ఇప్పుడు సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉంటే లేచి నిలబడండి" అన్నారు పాస్టరుగారు.

మా దగ్గర సాక్ష్యం చెప్పడమంటే, దేవుడు మనకి చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవడం. ఆలిస్ అక్క గొంతు సవరించుకుని లేవబోయింది. ఈలోగా గడప దగ్గర నుంచి గట్టిగా వినబడింది.

"నేనున్న వకీల్ సాబ్! నేను చెప్త."

అందరూ వెనక్కి తిరిగారు. జాన్ బీ ముసుగు సవరించుకుని లోపలికి నడిచి వచ్చింది. వచ్చి పాస్టరుగారి ఎదురుగా నిలబడింది.

"ఠాణాల కొత్త సార్ చెప్పిండు, టీచరమ్మోళ్ళ ఇంట్లకెళ్ళి సాక్ష్యం వస్తెనే ఇడుస్తమని. గా మాటంటె ఏందో నాకు ఎర్క లేకుండె. గవాహీని గట్ల అంటరని జవాను చెప్పిండు. గందుకే పొద్దుగాల సంది కూసున్న, ఎప్పుడు పిలుస్తరా అని."

అయ్యో దేవుడా! నైజాం రోజుల్లో ఠాణాలోనూ కోర్టు కచేరీలోనూ గవాహీ అనేవారు. ఇప్పుడొచ్చిన మన కోస్తావాళ్ళు సాక్ష్యం అంటున్నారు. పాపం ఆ మాట ఆ వారమే నేర్చుకుంది. నల్లకోటు, బల్ల మీద పెద్ద పుస్తకం, వరసగా కూర్చున్న జనం, అన్నీ చూసి మా వరండానే కచేరీ అనుకుంది. పాస్టరుగారు "అమ్మా, ఇది..." అని ఏదో చెప్పబోయారు. నేను ఆయనకేసి ఒక చూపు చూశాను. ఆగిపోయారు.

"చెప్పు జాన్ బీ" అన్నాను.

"ఫకీర్ నా ఆద్మీ. అబద్ధం చెప్తె నా కండ్లు పోవాలె. మిల్ట్రీ రాకముందు, ఎండకాలంల, ఖాకీ అంగీల రజాకార్లోళ్ళు మా గుడిసె కాడికొచ్చిన్రు. నీ సాబ్ మోటార్ మాకు కావాలె, పెట్రోల్ మేమే పోస్తం అన్నరు. మోటార్ ఖరాబయింది, నడువది అన్నడు మా ఆయన. గాళ్ళు వస్తరని ముందే ఎరికై, ఇంజన్లకెళ్ళి గింత సామాను ఊడవీకి తెచ్చి మా బియ్యం కుండల దాచిండు. ఐతారం మీరు చర్చికి పోయినంక షెడ్డుకాడికి గుంజుకపోయిన్రు. తిప్పి తిప్పి చూసిన్రు. మోటార్ షురూ కాలే. ఏం తీసినవో చెప్పు అని చెయ్యి మీద కట్టెతోని కొట్టిన్రు. చెయ్యి ఇరిగింది. మా ఆయన నోరు ఇప్పలే."

ఆవిడ మా ఆయన వైపు తిరిగింది.

"సాబ్‌కు చెప్పు అని నేనన్న. వద్దు, ఆయన పరేషాన్ అయితడు, నిద్రపోడు అన్నడు. గప్పుడు ఇచ్చేస్తె ఇనామిద్దురు సాబ్. చెయ్యి ఇరిగినా ఇయ్యలే. గిప్పుడు దొంగతనం చేస్తడా? మీరే చెప్పున్రి."

మా ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఏ చెయ్యి?" అన్నాడు.

"ఎడమ చెయ్యి సాబ్. గీడ, మణికట్టు కాడ."

"ఉన్న చుక్క పెట్రోలుతో ఇంజను ఆడించబోతే హ్యాండిల్ ఎదురు తన్నిందన్నాడు నాతో. నేనే కట్టు కట్టాను. ఆసుపత్రికి పోదాం రారా అంటే వద్దన్నాడు. నా స్కేలు పెట్టి నేనే కట్టాను మణీ" అన్నాడు. ఆయన గొంతు అంత పెద్దగా వినడం నాకు అదే మొదలు.

మాలో ఎవరైనా సాక్ష్యం చెప్పడం ముగిస్తే అందరూ ఆమేన్ అనడం రివాజు. ఆ రోజు ముందుగా నేను గట్టిగా "ఆమేన్" అన్నాను. పాస్టరుగారు అన్నారు. ఆలిస్ అక్క కళ్ళు తుడుచుకుంటూ అంది. ఆ మాట జాన్ బీకి తెలిసిన మాటే. "ఆమీన్" అంటూ రెండు చేతులూ మొహానికి రాసుకుంది. "గెలిచినట్టేనా టీచరమ్మా?" అని మెల్లగా అడిగింది నన్ను. దగ్గరికి తీసుకున్నాను.

మా ఆయన గడప దగ్గర బూట్లు వేసుకుంటున్నాడు.

"తమ్ముడూ, టీ..." అంది ఆలిస్ అక్క.

"మీరు కానివ్వండక్కా. నాకు ఇప్పుడు తెలిసింది. తెలిసింది చెప్పి వస్తాను."

"వకీల్ సాబ్ సుత రావాలె గద" అంది జాన్ బీ. పాస్టరుగారు ఒక్క క్షణం నా మొహం చూసి, కోటు బొత్తాలు పెట్టుకుని, "పద తల్లీ" అన్నారు. ఆయన్ని నేను అంతవరకు ఉట్టి ప్రసంగాల మనిషి అనుకునేదాన్ని.

నేనూ వాళ్ళ వెంట వెళ్ళాను. ఠాణాలో మా ఆయన నిలబడే అంతా చెప్పాడు. సబిన్‌స్పెక్టరు విని, "ఇదంతా పాత సంగతి కదండీ. కారు ఇప్పుడు ఎవరు తీశారన్నదానికి ఇది సాక్ష్యం ఎలా అవుతుంది?" అన్నాడు.

"ఎవరు తీశారో నాకు తెలియదు. తెలుసని చెప్పను. ఇతను ఎలాంటి మనిషో తెలుసు, అది ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతాను. కారు నాది. ఇతని మీద నాకు అనుమానం లేదని రాసుకోండి. రేపు జైలుకి పంపేటట్టయితే నన్నూ అదే బండిలో ఎక్కించండి" అన్నాడు మా ఆయన.

సబిన్‌స్పెక్టరు పెన్ను పక్కన పెట్టాడు. పాస్టరుగారిని చూశాడు, జాన్ బీని చూశాడు. చివరికి, పిలిచినప్పుడు ఫకీర్‌ని తీసుకొచ్చే పూచీ పడితే వదులుతానన్నాడు. మా ఆయన అడిగినచోటల్లా సంతకాలు పెట్టాడు.

ఫకీర్‌ని బయటికి తెచ్చారు. మొహం వాచి ఉంది, కాలు సరిగా పడటం లేదు. జాన్ బీ పరుగెత్తి భుజం పట్టుకుంది. అతను మా ఆయన్ని చూడగానే చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

"బండి దొరికిందా సాబ్? అల్వాల్ దాక ఉరికిన సాబ్. దొరకలే. నాదే తప్పు, నమాజుకు పోకుంటె..."

మా ఆయన ఆ మాటలు విన్నట్టే లేదు. ఫకీర్ ఎడమచెయ్యి తీసుకుని, చొక్కా పైకి జరిపి, మణికట్టు తడిమి చూశాడు. నేనూ చూశాను. ఎముక ఒక పక్కకి ముడి కట్టినట్టు లేచి ఉంది. ఎన్నిసార్లు ఆ కారులో వెనక కూర్చుని ఉంటాం! ఆ చేత్తోనే గేర్లు వేస్తూ మమ్మల్ని తిప్పాడు.

"వంకరగా అతుక్కుంది కదరా. నాకు కట్టడం రాలేదు. నొప్పి లేదూ?" అన్నాడు మా ఆయన.

ఫకీర్ ఏడుపు ఆపి, ఆయన్ని ఓదారుస్తున్నట్టు అన్నాడు.

"గేర్ ఏసేటప్పుడు జెర తక్లీఫ్ ఉంటుండె సాబ్. గిప్పుడు బండి లేదు గద, ఇగ నొయ్యది."

వారం రోజులుగా కంటతడి పెట్టని మా ఆయన, ఆ చెయ్యి వదలకుండానే ఠాణా మెట్ల మీద కూలబడి, అందరూ చూస్తున్నారని కూడా లేకుండా వలవలా ఏడ్చాడు. నేను ఊరుకోమనలేదు.