వేయమంటారా?

ఫోనులో చూస్తున్న వీడియోను ఇంట్లో టీవీకి పంపే యాప్ అది. అందులో కనబడే తెరలు గీసేది ఆమె, గీసినవాటిని చెరిపేది ఆమె పై అధికారి. ప్రతిదానికీ "సింపుల్‌గా ఉండాలి" అంటాడు కాబట్టి ఆఫీసంతా వెనకాల ఆయన్ని సింపుల్ సారు అంటారు. ఎదుట మాత్రం అందరూ గంగిరెద్దులే. ఆయన ఏమన్నా తలలూపుతారు. ఆమె ఒక్కతే ఊపదు. అందుకే ఆయన ఆమెకు ప్రశ్నలమ్మ అని పేరు పెట్టాడు.

ప్రశ్నలమ్మ గీసిన తెర మీద నిజానికి ఉన్నది ఒక్కటే ప్రశ్న: 'హాల్లో టీవీలో వేయమంటారా?' కింద అవును, వద్దు. అంతే. ఫోను ఒక మనిషిదనీ, టీవీ ఇంటిల్లిపాదిదనీ, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లేముందు మధ్యలో గడప ఉండాలనీ చెప్పి చూసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

"అడగడమంటే వాడేవాణ్ణి అవమానించడమే," అన్నాడాయన, ఎక్కడో విన్న ముక్కను అప్పుడే తన బుర్రలో పుట్టినట్టు. "వాడికేం కావాలో మనకు తెలీదా?"

తెలుసట. రిమోటులో బ్యాటరీ మార్చడానికి భార్యను కేకేసే మహానుభావుడికి లోకంలో అందరికీ ఏం కావాలో తెలుసట. ప్రశ్న ఎగిరిపోయింది. ఇక ఫోను టీవీకి దగ్గర్లో ఉంటే చాలు, నొక్కిన వీడియో ఏదైనా దానంతటదే టీవీలోకి దూకుతుంది. ఆ తర్వాత ఫోనులో 'వేసేశాం!' అని ఒక మాట, పక్కన నవ్వుతున్న పసుపు ముఖం. దాన్ని చూస్తే ప్రశ్నలమ్మకు ఒళ్లు మండేది. అందులో సారు పోలికలున్నాయి.

జనంలోకి వదిలేముందు అందరూ ఇళ్లల్లో వాడి చూడాలని సారు హుకుం జారీ చేశాడు. ప్రశ్నలమ్మ వద్దనలేదు. లోపం పట్టుకుని ఆయన మొహాన కొట్టాలన్న కసితోనే తన ఫోనునూ టీవీనీ కలిపింది.

ఆ ఇంట్లో ఉండేది ఆమె, వాళ్లమ్మ. అక్క వేరే ఊళ్లో ఉంటుంది. ఆ అక్కకు రొమ్ములో గడ్డ కనబడింది. డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఈ సంగతి అమ్మ చెవిన పడకూడదని అక్కాచెల్లెళ్లు ఒట్టేసుకున్నారు. అమ్మది అసలే పిరికి గుండె, వింటే తట్టుకోలేదు, ఏదైనా ఉంటే ఆపరేషన్ అయ్యాకే చెబుదాం అనుకున్నారు.

ఆ సాయంత్రం ప్రశ్నలమ్మ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. హాల్లో అమ్మ వంటల కార్యక్రమం చూస్తూ, గరిటె పట్టడం రానివాళ్లంతా టీవీకెక్కుతున్నారని సణుగుతోంది. అంతలో అక్క దగ్గర్నుంచి వీడియో వచ్చింది. ప్రశ్నలమ్మ తడివేలితో నొక్కింది. అక్క కనబడలేదు. పసుపు ముఖం నవ్వింది: 'వేసేశాం!'

హాల్లోంచి అక్క గొంతు ఇల్లంతా వినబడింది. "రిపోర్టొచ్చిందే. క్యాన్సరేనట. సోమవారం ఆపరేషన్. అమ్మకి మాత్రం చెప్పకే."

కత్తి అక్కడే పడేసి పరుగెత్తింది. టీవీ నిండా అక్క ముఖం, ఆ చివరి మాట దగ్గర ఆగిపోయి ఉంది. అమ్మ లేచి టీవీకి ఎదురుగా నిలబడింది. కళ్లలో నీళ్లున్నాయి గానీ కాళ్లు తడబడలేదు.

ప్రశ్నలమ్మ నోటికి ముందు వచ్చింది సింపుల్ సారే. అంతా ఆ దరిద్రుడి వల్లేనంది. ఒక్క ప్రశ్న ఉంచమని కాళ్లావేళ్లా పడినా ఉంచలేదంది, పైగా వేసేశామని చెప్పి నవ్వుతాడంది. ఎదుటిమనిషికేం కావాలో తనకే తెలుసనుకునేవాడంత నీచుడు ఇంకోడు ఉండడంది. రేపే వెళ్లి ఉద్యోగం వాడి మొహాన కొడతానంది.

అమ్మ ఆసాంతం విని, కళ్లు తుడుచుకుని కూతురి వైపు చూసింది. ఇన్నాళ్లూ ప్రశ్నలమ్మ సారును చూస్తూ వచ్చిన చూపు అది. తనవైపు తిరిగితే ఎలా ఉంటుందో ఆమెకు ఇప్పుడే తెలిసింది.

"నీకెప్పట్నించి తెలుసు?"

నెలవుతోందని చెప్పింది.

"నేనేం తట్టుకోగలనో, ఏం తట్టుకోలేనో మీరే తేల్చేశారన్నమాట. నన్నొక్క మాటైనా అడిగారా?" అంది అమ్మ. "మీ సారే నయం. అడక్కుండా చేసినా, చేసేశామని చెప్పాడు."

తర్వాత లోపలికి వెళ్లి సంచీ తీసి, చీరలు మడతపెట్టి అందులో పెట్టుకోసాగింది. పొద్దున్నే పెద్దదాని దగ్గరికి వెళ్తానంది. ప్రశ్నలమ్మ వెనకే వచ్చి గడప దగ్గర ఆగింది.

"అమ్మా, నన్నూ రమ్మంటావా?"

"ఇప్పుడు అడుగుతున్నావా," అని అమ్మ ఇంకో చీర అందుకుంది.