మబ్బులను తరిమానట

నేను ఒక గాలిమరను. సీమలో ఒక బోడికొండ మీద కరెంటు కోసం ఒక కంపెనీ నన్ను నిలబెట్టింది. మూడు రెక్కలున్నాయి, ఒంటికాలుంది, సొంత నిర్ణయమంటూ ఏనాడూ లేదు. నన్ను ప్రారంభించిన మంత్రిగారు కొబ్బరికాయ కొట్టి, ఇక ఈ కొండ బంగారం పండిస్తుందన్నారు. నాకు తెలిసి కొండ కింద పండేది వేరుశనగ ఒక్కటే, అదీ వాన పడితేనే.

నాకు కాపలా ఓబులేసు. అతని జీతం నా రెక్కల మీద, అతని భార్య లింగమ్మ వేసిన పంట మబ్బుల మీద ఆధారపడి ఉండేవి. వచ్చిన మబ్బులను నేనే తరిమేస్తున్నానని ఊరందరిలాగే లింగమ్మ కూడా నమ్మింది. సద్దిమూట తెచ్చినప్పుడల్లా నన్ను తిట్టిపోసేది.

“మబ్బు ఇట్ల వస్తే సాలు, అట్ల తరుముతాండాది. దీన్ని నిలపమని మీ సార్లకు చెప్పగూడదా?”

“మబ్బు యాడ, రెక్క యాడ? పిచ్చిదానా, ఇది నిలిస్తే నా జీతమూ నిలుస్తాది. ఏం తినల్ల మనం?” అని నవ్వేవాడు ఓబులేసు.

ఇంతలో ఎన్నికలొచ్చి ప్రభుత్వం మారింది. పాతవాళ్లు నా కరెంటును మరీ ఎక్కువ ధరకు కొన్నారని కొత్తవాళ్లు పేచీ పెట్టారు. కంపెనీ ధర తగ్గించనంది. సరిగ్గా గాలి విరగబడి వీచే ఆషాఢంలో నన్ను ఆపేశారు. పెద్దల తగువు తేలలేదు గానీ, ఓబులేసును మాత్రం వెంటనే ఇంటికి పంపేశారు.

ఆ వారంలోనే వాన కురిసింది. చేలు తడిసి, వంకలు పారాయి. లింగమ్మ కొండెక్కి వచ్చి నా మొదట్లో కొబ్బరికాయ కొట్టింది. పని మొదలుపెట్టినందుకు మంత్రిగారు కొట్టారు, మానేసినందుకు ఈమె కొట్టింది. నాకు నవ్వు కూడా రాలేదు, ఈ మనుషులతో అలిసిపోయాను.

శ్రావణంలో కంపెనీ, ప్రభుత్వం రాజీపడ్డాయి. ఓబులేసుకు మళ్లీ కబురొచ్చింది. అప్పటికి చేను పూత మీదుంది. ఇంకొక్క వాన పడితే గట్టెక్కుతారు. అతను పాత యూనిఫాం తొడుక్కుని వచ్చాడు. ఇంజనీరు నన్ను సిద్ధం చేసి జీపెక్కి వెళ్లిపోయాక, చుట్టూ చూసి నా స్తంభం మీద చెయ్యి వేశాడు. ఇన్నేళ్లలో అతను నాతో మాట్లాడడం అదే మొదటిసారి.

“సామీ, నీకు దండం పెడతా. కాయ ఊరేదాకా తిరగొద్దు” అన్నాడు. మళ్లీ తనే, “తిరక్కపోయినా సస్తాం” అన్నాడు.

ఏం చేయమంటాడో నాకు అర్థం కాలేదు. అంతలో గాలి వచ్చింది. నా రెక్కలు కదిలాయి. మబ్బులకూ నాకూ సంబంధం లేదని తెలిసిన ఆ ఒక్క మనిషీ తలెత్తి, నా వైపు కాదు, ఆకాశం వైపు భయంగా చూశాడు.