ఖాళీగా ఉండే మనిషి

"ఈ ఒక్కపూట ఆ పిల్లల్ని రానివ్వకు. లోనాఫీసరమ్మ వచ్చేసరికి ఇల్లు ఇల్లులా ఉండాలి," అన్నాడు భర్త, అద్దంలో తల దువ్వుకుంటూ.

ఆమె పిల్లల పక్కబట్టలన్నీ మూటగట్టి మంచం కిందికి తోసింది. పనులకు వెళ్లే తల్లులు రోజూ పొద్దున్నే ఆమె దగ్గర దింపిపోయే పసివాళ్లు నలుగురు. ఇవాళ వాళ్లను ఎవరి చేతిలో పెట్టారో! చిన్నదానికి పాలు పొరబోతే వెంటనే వీపు తట్టాలని చెప్పారో లేదో! ఒకసారి మొదలైందంటే ఆమె భయానికి అడ్డూ ఆపూ ఉండదు. ఈ లోను రాకపోతే? నెలాఖరుకల్లా వెళ్లిపొమ్మన్నాడు ఇంటివాడు. మళ్లీ బావగారి వరండాలో తెర కట్టుకుని, ఎదిగిన కూతుర్ని పక్కలో వేసుకుని... పెద్ద బ్యాంకువాళ్లు మొహం చాటేశారు. ఇక మిగిలింది ఈ సర్కారు గృహరుణ సంస్థ ఒక్కటే.

ఆఫీసరమ్మ వచ్చి, గదులు చూసి, కుర్చీలో కూచుంది. "ఇంట్లో సంపాదించేది ఎవరెవరు?"

"నేనొక్కణ్ణేనండీ. మా ఆవిడ ఖాళీగానే ఉంటుంది," అన్నాడు భర్త గర్వంగా.

"కష్టమంటే తెలీదమ్మా మా కోడలికి. మావాడు పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడు," అత్తగారు వంతపాడింది.

ఆఫీసరమ్మ పెన్ను పక్కన పెట్టేసింది. "అయితే కష్టమేనండీ. మీ ఒక్కరి జీతానికి ఇల్లొచ్చేంత లోను రాదు. మీలాంటివాళ్ల కోసమే సర్కారు మా సంస్థని పెట్టింది. జీతం చీటీ లేని సంపాదననైనా, ఆడవాళ్లు ఇంట్లో కూచుని చేసుకునే పనినైనా లెక్కలోకి తీసుకుంటాం. అసలు లేనిదాన్ని ఏమని రాయను?"

భర్త గోడకేసి చూశాడు. ఇల్లు పోయినా సరే, ఆమె సంపాదన సంగతి ఒప్పుకునేలా లేడు. 'పిల్లల్ని ఆడించడం కూడా ఒక పనేనా' అని ఎన్నిసార్లన్నాడో. ఆ తల్లులిచ్చే డబ్బు చేతికందిన రోజున మాత్రం ఒక్కసారీ అనలేదు. తను చెబితే? అనుమతి లేకుండా పిల్లల్ని చూడటం నేరమేమో. జరిమానా వేస్తారేమో. ఈవిడ గడప దాటగానే 'నా పరువు తీశావు' అని ఎన్నాళ్లు సాధిస్తాడో.

ఆఫీసరమ్మ లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

"ఆగండమ్మా!" ఆమె గుమ్మానికి అడ్డంగా వచ్చింది. "నేను ఖాళీగా ఉండను. నలుగురు పసివాళ్లను చూస్తాను. ఈ ఇంటి అద్దె నేనే కడుతున్నాను. ఆ తల్లుల్ని అడగండి, చెబుతారు."

"ఏమే, మతిపోయిందా?" అంది అత్తగారు.

"అబ్బే, అదేదో కాలక్షేపానికండీ..." భర్త నసిగాడు.

"తప్పయితే తప్పని రాసుకోండి. లేదని మాత్రం రాయకండి," అందామె.

ఆఫీసరమ్మ మళ్లీ కూచుంది. "తప్పేముందమ్మా? ఆ తల్లులతో మాట్లాడతాను. ఆయన పేరు కింద మీ పేరు కూడా చేరుస్తాను, సరేనా?"

భయం పోలేదు. రేపు పిల్లలు రావడం మానేస్తే? తను మంచాన పడితే? వాయిదాలు తప్పితే తననే కదా అడుగుతారు? ఆ భయాలన్నీ గుండెల్లో అలాగే ఉండగా అంది:

"కింద వద్దమ్మా. ముందు నా పేరు రాయండి."